మేత పడవ ఎనిమిదో నిమిషంలో ఎందుకు ఆగిపోయేది?

ఈ కేసు రాయడానికి ఆ ఇంటివాళ్లను అడిగి ఒప్పించుకున్నాను. ఊరు, మనుషులు గుర్తుపట్టేలా ఉండే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా పుస్తకంలో రాసుకున్నవి రాసుకున్నట్టే ఇస్తున్నాను. నేను గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్టణంలో స్ప్రేయర్ బ్యాటరీలు, ఎలక్ట్రిక్ సైకిల్ ప్యాకులు, సోలార్ లైట్లు బాగుచేస్తుంటాను. రిమోట్ పడవలు నా రోజువారీ పని కాదు. కానీ ఈ పడవ దగ్గర నేర్చుకున్న ఒక విషయాన్ని ఆ తర్వాత స్ప్రేయర్ల మీద కూడా వాడుతున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

ఇంటి వెనక అరవై సెంట్ల చెరువు. వనామీ రొయ్య. రోజుకు నాలుగుసార్లు మేత వెయ్యాలి. ఇన్నాళ్లూ ఇంటిపెద్ద థర్మోకోల్ తెప్ప మీద నిలబడి, తాడు పట్టుకుని లాక్కుంటూ తిరిగి మేత చల్లేవాడు. మోకాళ్లు పాడయ్యాక తెప్ప ఎక్కడం, దిగడం కష్టమైంది. పాలిటెక్నిక్ చదువుతున్న కొడుకు సెలవుల్లో ఒక పడవ తయారుచేశాడు. నాలుగంగుళాల పీవీసీ పైపులు రెండు, ఒక్కోటి మీటరు పైచిలుకు పొడవు, రెండు చివరలా మూతలు. పైన ప్లైవుడ్ చెక్క, దాని మీద నాలుగు కిలోల మేత పట్టే ప్లాస్టిక్ డబ్బా, డబ్బా కింద మేతను చుట్టూ చిమ్మే చిన్న చక్రం. నడపడానికి 775 సైజు డీసీ మోటారు, గ్రీజు నింపిన గొట్టంలోంచి వెళ్లే షాఫ్టు, దాని చివర ఫ్యాను. వేగం తగ్గించి పెంచే ఈఎస్‌సీ, 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్, దాని సిగ్నల్ అందుకునే రిసీవర్. పని చాలా శుభ్రంగా చేశాడు. అతుకుల దగ్గర ఒక్క చుక్క నీరు కారడం లేదు.

బ్యాటరీ మాత్రం పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లోంచి తీసిన 18650 అనే గుండ్రటి లిథియం అయాన్ సెల్స్. మూడు వరసలు, ఒక్కో వరసలో రెండు సెల్స్, అంటే త్రీఎస్ టూపీ. లిథియం అయాన్ సెల్ మామూలు వోల్టేజి సుమారు 3.7, నిండితే 4.2. మూడు వరసలు కలిస్తే నిండినప్పుడు 12.6 వోల్టులు. దానికి రక్షణగా చిన్న బీఎంఎస్ బోర్డు ఒకటి పెట్టాడు, సెల్స్ మరీ నిండినా, మరీ ఖాళీ అయినా కరెంటు ఆపేసేది అదే. పెట్టినందుకు అతన్ని మెచ్చుకోవాలి, చాలామంది పెట్టరు.

నా దగ్గరికి ఎలా వచ్చింది

తండ్రి స్ప్రేయర్ బ్యాటరీ కోసం వచ్చినప్పుడు మాటల్లో చెప్పాడు. "మావాడు పడవ చేశాడు తమ్ముడూ. బాగానే పోద్ది, చెరువు మధ్యలోకెళ్లి నిలబడిపోద్ది. వాడేమో నీళ్లల్లోకి దిగిపోతున్నాడు. వాళ్లమ్మకి ఒకటే టెన్షన్."

ఆ చివరి మాట విన్నాక పని ఆపి కూర్చున్నాను. రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఉంటాయి. వాటి కరెంటు వైర్లు నీళ్ల మీదుగా, ఒక్కోచోట నీళ్లలోంచే వెళ్తాయి. ఎక్కడో ఇన్సులేషన్ చిట్లి ఉంటే నడుంలోతు నీళ్లలో ఉన్న మనిషికి తప్పించుకునే దారి ఉండదు. బ్యాటరీ సంగతి తర్వాత, పడవ ఆగితే ముందు ఏరేటర్ మెయిన్ స్విచ్ ఆపాలి, ఆ తర్వాతే ఎవరైనా దిగాలి అని ఆ రోజే చెప్పి పంపాను. మర్నాడు అబ్బాయి పడవ నుంచి ఎలక్ట్రికల్ డబ్బా విప్పి, మొత్తం నా బల్ల మీద పెట్టాడు.

అతను చెప్పిన లక్షణాలు ఇవి. పూర్తి మేతతో బయల్దేరితే ఏడెనిమిది నిమిషాలకు ఉన్నట్టుండి అన్నీ ఆరిపోతాయి. మోటారే కాదు, రిసీవర్ లైటు కూడా. తీరా గట్టుకు తెచ్చి, వైరు ఊడదీసి మళ్లీ పెడితే లైటు వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది. "చార్జింగ్ అయిపోయిందేమో అనుకున్నాను బాబాయ్, కానీ మీటరు పెడితే 11 పైనే చూపిస్తోంది" అన్నాడు.

అతను అప్పటికే చేసి చూసినవి

మొదట, సిగ్నల్ పోతోందేమో అనుకుని రిసీవర్‌కు విడిగా పవర్ బ్యాంకు కట్టాడు. అప్పుడు పడవ ఇంకా ముందే, అర నిమిషం తిరక్కుండానే చెప్పిన మాట వినడం మానేసింది. దీనికి కారణం పవర్ బ్యాంకు తీరులోనే ఉంది. ఫోను నిండిపోయింది, ఇక కరెంటు లాగడం లేదు అనిపిస్తే చాలా పవర్ బ్యాంకులు వాటంతట అవే ఆగిపోతాయి. రిసీవర్ తీసుకునే కరెంటు అంత తక్కువ. పాపం అబ్బాయికి ఇది తెలియదు. దాంతో ఒక జబ్బుకు రెండు జబ్బులయ్యాయి, అసలు కారణం ఇంకా లోపలికి పోయింది.

తర్వాత సెల్స్ సరిపోవడం లేదనుకుని మరో పాత ల్యాప్‌టాప్ నుంచి సెల్స్ తీసి అదనంగా కలిపాడు. రెండు రోజులు మెరుగనిపించింది, మళ్లీ మామూలే. వయసు తేడా ఉన్న సెల్స్ కలిపితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ అదనపు సెల్స్ మళ్లీ తీసేశాడు.

మూడో ప్రయత్నం గురించి అతను చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాడు. స్నేహితుడెవరో బీఎంఎస్ వల్లే ఆగుతోంది, దాన్ని పక్కన పెట్టి వైరు నేరుగా కలిపెయ్ అన్నాడట. ఒక రోజు అలా నడిపాడు. పడవ పద్నాలుగు నిమిషాలు తిరిగింది! కానీ ఆ రాత్రి చార్జింగ్ పెట్టినప్పుడు ప్యాకు ఒకవైపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. భయపడి ఊడదీశాడు. చార్జింగ్ పెట్టిన చోటు ఏదని అడిగితే, మేత బస్తాల పాక అన్నాడు.

నా బల్ల మీద

ముందు అనుమానం బీఎంఎస్ మీదికే పోతుంది, అది సహజం. కానీ లక్షణాన్ని జాగ్రత్తగా వింటే అది వేరే మాట చెబుతోంది. బ్యాటరీ నిజంగా ఖాళీ అయితే పడవ నీరసంగా, మెల్లగా ఆగాలి. ఇక్కడ ఒక్కసారిగా ఆరిపోతోంది, లోడు తీసి పెడితే మళ్లీ లేస్తోంది. బీఎంఎస్ ఏదో ఒక వరస వోల్టేజి మరీ కిందికి పోయిందని చూసి తలుపు మూసేస్తోంది. చాలా బోర్డులు ఒకసారి మూసుకుంటే లోడు పూర్తిగా తీసేదాకా, లేదా చార్జర్ పెట్టేదాకా తెరవవు. చెరువు మధ్యలో వైరు ఊడదీసేవాళ్లు ఉండరు కాబట్టి పడవ అక్కడే ఉండిపోతుంది. బోర్డు తన పని తాను చేస్తోంది. అయితే దానికి ఏ వరస వల్ల భయం పుడుతోంది?

ప్యాకు మొత్తం వోల్టేజి 11.29. ఈ ఒక్క అంకె చూసి ఆగితే ఏమీ తెలియదు. వరసలు విడివిడిగా కొలిచాను: 3.92, 3.88, 3.49. మూడోది వెనకబడింది.

ఇక లోడు పెట్టి చూడాలి. నా దగ్గర దీనికి పెద్ద యంత్రం లేదు, కారు హెడ్‌లైట్ హాలోజెన్ బల్బు ఉంది. 12 వోల్టుల 55 వాట్ల బల్బు నాలుగు యాంపులకు కాస్త పైన తీసుకుంటుంది. బల్బు వెలుగుతుండగా మళ్లీ కొలిస్తే 3.73, 3.69, 3.10. మంచి వరసలు ఒక్కోటి 0.19 వోల్టు దిగాయి, మూడోది 0.39 దిగింది. అంటే దాని లోపలి నిరోధం మిగతావాటికి రెట్టింపు, సుమారు 90 మిల్లీ ఓములు. అప్పుడు పడవ 13 యాంపులు లాగితే? 13 ని 0.09 తో గుణిస్తే 1.17 వోల్టులు. నిండుగా 4.05 దగ్గర మొదలైనా ఆ వరస లోడు మీద 2.9 లోనే ఉంటుంది, కొద్ది నిమిషాలు నడిస్తే 2.8 కిందికి పోతుంది, బోర్డు మూసేస్తుంది. ఎనిమిది నిమిషాల లెక్క కాగితం మీద కుదిరింది. అబ్బాయి ఆ కాగితం ఫోటో తీసుకున్నాడు.

(ఆ 13 యాంపులు నేను తర్వాత కొలిచిన అంకె. ఆ రోజు ఊహించి 12, 15 మధ్య వేసుకున్నాను. ఒక్కో ల్యాప్‌టాప్ సెల్ మీద ఆరున్నర యాంపులు పడుతున్నాయన్నమాట. అవి మెల్లగా, రెండు మూడు గంటలపాటు కరెంటు ఇవ్వడానికి చేసిన సెల్స్. కొత్తగా ఉన్నప్పుడే అంత బరువు మొయ్యడం వాటికి కష్టం.)

ఆ వరస ఎందుకు వెనకబడింది అన్నది రెండో ప్రశ్న. "చార్జర్ తెచ్చావా?" అన్నాను. సంచిలోంచి తీసి ఇచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. అది వాళ్ల స్ప్రేయర్ చార్జర్, నా దుకాణంలోనే అమ్మింది. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ కోసం చేసింది. మీటరు పెడితే 14.4 వోల్టులు. మూడు వరసల లిథియం ప్యాకు 12.6 దగ్గర ఆగాలి. 14.4 ని మూడుతో భాగిస్తే వరసకు 4.8. బీఎంఎస్ అడ్డుపడకపోతే ఆ సెల్స్ నిప్పంటుకునే ప్రమాదం ఉండేది.

"పిన్ సరిపోయింది బాబాయ్. దాని మీద కూడా 12 వోల్ట్స్ అనే ఉంది" అన్నాడు. అతని తప్పేమీ లేదు. రెండింటి మీదా అదే అంకె, రెండింటికీ అదే గుండ్రటి పిన్. ఇంట్లో ఉన్న చార్జర్ అది ఒక్కటే.

రోజూ జరిగింది ఇదీ: చార్జర్ పెడతారు, మంచి వరస ఒకటి ముందుగా 4.25 దాటుతుంది, బీఎంఎస్ చార్జింగ్ ఆపేస్తుంది. వెనకబడిన వరస సగంలో ఉండగానే తలుపు మూసుకుంటుంది. ఆ బోర్డుకు వరసల్ని సమానం చేసే బ్యాలెన్సింగ్ లేదు. కాబట్టి తేడా రోజురోజుకూ పెరిగింది. దానికి తోడు బీఎంఎస్ తీసేసి నడిపిన ఆ ఒక్క రోజు బలహీనమైన వరస బాగా లోతుకు పోయి ఉంటుంది. లిథియం అయాన్ సెల్ మరీ కిందికి దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జి చేసినప్పుడు ఆ రాగి ఎక్కడంటే అక్కడ పేరుకుని సెల్ లోపలే షార్ట్ చెయ్యగలదు. ఆ రాత్రి వేడికి నాకు తోచిన కారణం అదే. అందుకే ఆ ఆరు సెల్స్‌లో ఒక్కటి కూడా తిరిగి ఇవ్వలేదు. నాలుగు బాగానే ఉన్నాయి కదా అని అడిగాడు. వేడెక్కిన ప్యాకులోంచి ఏరుకోను అని చెప్పి, ఇసుక బకెట్లో పెట్టి, పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లకు ఇచ్చేశాను. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇవి ఇంటి చెత్తలో వెయ్యకూడదు. నిబంధన లేకపోయినా చెత్త లారీలో పగిలితే ఏమవుతుందో నాకు తెలుసు.

నేను వేసిన తప్పటడుగు

ఇక్కడిదాకా రోగం సరిగానే పట్టాను. మందు మాత్రం మొదటిసారి తప్పు ఇచ్చాను.

నా ఆలోచన ఇదీ. ఇంట్లో ఉన్నది లెడ్ యాసిడ్ చార్జర్. వాళ్లకు అలవాటైనది లెడ్ యాసిడ్. మంటల భయం తక్కువ. అయితే పడవకూ అదే పెడదాం. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపు-గంటలు, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ కొత్తది ఇచ్చాను. పాత ప్యాకు మూడు వందల గ్రాములు లేదు, ఇది రెండు కిలోల పైన. పడవ మొయ్యగలదు కదా అనుకున్నాను.

మొయ్యగలదు, కానీ నీళ్లలో ఇంకాస్త దిగింది. దిగినకొద్దీ నీటిని తోసుకుపోవడానికి మోటారుకు బరువు పెరుగుతుంది. నేను ఆలోచించని ఇంకో సంగతి, ఆ 7 ఏహెచ్ అన్న అంకె ఎలా వచ్చిందన్నది. ఇరవై గంటలపాటు మెల్లగా, 0.35 యాంపు చొప్పున తీస్తే వచ్చే లెక్క అది. పదిహేను యాంపులు గుంజితే లెడ్ యాసిడ్ అందులో సగం కూడా ఇవ్వదు. ఇవన్నీ నాకు తెలియనివి కావు. స్ప్రేయర్ మోటారు రెండు మూడు యాంపులే తీసుకుంటుంది, ఏళ్ల తరబడి ఆ లోకంలోనే ఉండి ఈ లెక్క వెయ్యడం మరిచాను.

మొదటి రోజు పడవ మేత పూర్తిచేసి గట్టుకు వచ్చింది. అందరం సంతోషించాం. కానీ అప్పటికే బ్యాటరీ ఖాళీ. 1.7 యాంపుల చార్జర్‌తో అది నిండడానికి సగం పూట పడుతుంది, నాలుగు గంటలకోసారి మేత వెయ్యాలి. నిండకుండానే మళ్లీ నడిపారు. లెడ్ యాసిడ్‌ను ఖాళీగా వదిలితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. మూడు వారాలకు బ్యాటరీ నీరసించింది, పడవ మళ్లీ చెరువు మధ్యలో. ఈసారి మెల్లగా ఆగింది, అంతే తేడా. ఆ బ్యాటరీ డబ్బు తిరిగిచ్చేశాను.

నీళ్ల మీద కొలిచాక

అప్పుడు చెయ్యవలసిన పని చేశాను. పడవ దగ్గరికి నేనే వెళ్లాను. బల్ల మీద మోటారు గాలిలో తిరిగితే యాంపున్నర తీసుకుంటుంది. దాన్నిబట్టి నీళ్లలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. డీసీ వాట్ మీటరు ఒకటి బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య పెట్టి, పైన కనిపించేలా టిఫిన్ డబ్బా పారదర్శక మూత బిగించాం. ఆ మీటరు అప్పటి యాంపులతో పాటు అత్యధికంగా ఎంత వెళ్లిందో, మొత్తం ఎన్ని ఏహెచ్ ఖర్చయిందో గుర్తుపెట్టుకుంటుంది. నా బల్ల మీది మంచి ప్యాకు ఒకటి తాత్కాలికంగా పెట్టి, నాలుగు కిలోల మేతతో వదిలాం.

తిరిగి వచ్చాక మూత తుడిచి చూస్తే: నడుస్తున్నప్పుడు 13, అత్యధికం 26. పన్నెండు నిమిషాల్లో 2.6 ఏహెచ్ ఖర్చు. ఆ 26 ఎక్కడిదో వెంటనే తెలిసింది. షాఫ్టుకు వేలెడు మందాన నాచు చుట్టుకుని ఉంది. మోటారు బిగుసుకున్న క్షణంలో కరెంటు ఎగబాకుతుంది.

ఆ 13 ఎక్కువ అనిపించింది. ఫ్యాను చూశాను. మూడు రెక్కలది, 55 మిల్లీమీటర్లు. రేసు పడవలకు పెట్టే రకం. ఎందుకు ఇంత పెద్దది అని అడిగితే, స్పీడుగా వెళ్తే బాగుంటుందని అన్నాడు. వయసు అలాంటిది. కానీ మేత చల్లే పడవ మనిషి నడకంత వేగంతో పోతే చాలు. నిజానికి వేగంగా పోతే మేత సమంగా పడదు కూడా. ఫ్యాను వ్యాసం కొంచెం తగ్గినా దాన్ని తిప్పడానికి కావలసిన శక్తి చాలా తగ్గుతుంది. 45 మిల్లీమీటర్ల రెండు రెక్కల ఫ్యాను తెప్పించి పెడితే మీటరు 8 యాంపులు చూపించింది. పన్నెండు నిమిషాలకు 1.6 ఏహెచ్. నాలుగు మేతలకు 6.4. పాత ఫ్యానుతో అయితే 10.4 అయ్యేది. బ్యాటరీ గురించి ఒక్క రూపాయి ఖర్చుపెట్టకముందే రోజుకు నాలుగు ఏహెచ్ మిగిలింది. ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది.

కొత్త ప్యాకు, ఆ ఎంపిక వెనక లెక్క

మూడు దారులు కనిపించాయి. రేసు పడవల వాళ్లు వాడే లిథియం పాలిమర్ ప్యాకు ఒకటి. తేలిక, కరెంటు ఎంతైనా ఇస్తుంది. కానీ దానికి బ్యాలెన్స్ చార్జర్ ఉండాలి, వాడనప్పుడు సెల్ 3.8 దగ్గర ఉంచాలి, దెబ్బ తగిలితే చూసుకోవాలి. ఆ ఇంట్లో పొద్దున ఆరింటికి ప్లగ్గు పెట్టేది ఒకరోజు తండ్రి, ఒకరోజు తల్లి. కాలేజీ తెరిచాక అబ్బాయి ఉండడు. కాబట్టి అది వద్దనుకున్నాను. రెండోది కొత్త 18650 సెల్స్‌తో మళ్లీ త్రీఎస్. బాగానే పనిచేస్తుంది. కానీ స్ప్రేయర్ చార్జర్ ఆ పాకలోనే మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాన్నే పెడతారు. నాకు ఆ సంగతి దాదాపు ఖాయంగా అనిపించింది.

అందుకే మూడోది: లిథియం ఐరన్ ఫాస్ఫేట్. మా వాడుకలో ఎల్‌ఎఫ్‌పీ. సెల్ మామూలు వోల్టేజి 3.2, నిండితే 3.65. నాలుగు వరసలు కలిస్తే చార్జింగ్ 14.6 దగ్గర ఆగుతుంది. స్ప్రేయర్ చార్జర్ ఇచ్చేది 14.4. అంటే పొరపాటున అదే పెట్టినా, కొంచెం తక్కువగా, మెల్లగా నిండుతుంది తప్ప ఏమీ కాదు. ఆ ఇంట్లో జరిగే పొరపాటు ఏదో ముందే తెలుసు, ఆ పొరపాటును తట్టుకునే బ్యాటరీ ఎంచుకున్నాను. ఈ రసాయనం వేడిని కూడా మామూలు లిథియం అయాన్ కంటే బాగా ఓర్చుకుంటుంది. మన ఎండలకు అది చిన్న విషయం కాదు.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఇది ఆ చార్జర్‌ను నేను కొలిచాక అన్న మాట. కొన్ని లెడ్ యాసిడ్ చార్జర్లు సల్ఫేట్ కరిగించడానికి మధ్యమధ్యలో ఎక్కువ వోల్టేజి దెబ్బలు కొడతాయి. అలాంటివి ఎల్‌ఎఫ్‌పీకి పెట్టకూడదు.

సోలార్ వీధిలైట్లలో వచ్చే 32700 సెల్స్ తీసుకున్నాను. పేరులోనే కొలత ఉంటుంది, 32 మిల్లీమీటర్ల వ్యాసం, 70 పొడవు. పైన 6 ఏహెచ్ అని రాసి ఉంది. పది సెల్స్ తెప్పించి ఒక్కోటీ నింపి, ఖాళీచేసి కొలిస్తే 5.4 నుంచి 5.7 మధ్య వచ్చాయి. దగ్గరదగ్గరగా ఉన్న ఎనిమిది ఏరాను. నాలుగు వరసలు, వరసకు రెండు. మొత్తం సుమారు 11.2 ఏహెచ్, బరువు కిలోకు కాస్త పైన. రోజుకు 6.4 ఖర్చు, అంటే సగానికి కొంచెం ఎక్కువ. రాత్రి ఒక్కసారి చార్జి చేస్తే చాలు. ఒక్కో సెల్ మీద నాలుగు యాంపులే పడుతున్నాయి, ఆయాసం లేదు.

బీఎంఎస్ కొనేటప్పుడు ఇక్కడ చాలామంది మోసపోతారు. ఫోర్ఎస్ లిథియం అయాన్ బోర్డు, ఫోర్ఎస్ ఎల్‌ఎఫ్‌పీ బోర్డు పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. ఒకటి వరసకు 4.25 దగ్గర ఆపుతుంది, ఇంకోటి 3.65 చుట్టుపక్కల. మొదటిది ఎల్‌ఎఫ్‌పీకి కడితే రక్షణ ఉన్నట్టే కనిపిస్తుంది, ఉండదు. బోర్డు మీది చిన్న అక్షరాలు భూతద్దంతో చదివి, కట్టాక ఒకసారి కావాలని ఎక్కువ వోల్టేజి ఇచ్చి ఎక్కడ ఆపుతుందో చూసి అప్పుడే మూశాను. 30 యాంపులది, బ్యాలెన్సింగ్ ఉన్నది. పాజిటివ్ వైరు మొదట్లోనే కార్లలో వాడే 20 యాంపుల బ్లేడ్ ఫ్యూజు.

పిన్ విషయంలో చాలాసేపు ఆలోచించాను. స్ప్రేయర్ చార్జర్ ఈ ప్యాకుకు పరవాలేదు. కానీ అటు నుంచి ఇటు? నేను ఇచ్చిన కొత్త చార్జర్ 14.6 వోల్టులు, 5 యాంపులు. దాన్ని 8 ఏహెచ్ స్ప్రేయర్ బ్యాటరీకి పెడితే అంత చిన్న లెడ్ యాసిడ్‌కు ఐదు యాంపులు చాలా ఎక్కువ, వేడెక్కి పాడవుతుంది. అందుకని పడవ ప్యాకుకు, దాని చార్జర్‌కు పసుపు రంగు ఎక్స్‌టీ60 కనెక్టర్లు పెట్టాను. అవి గుండ్రటి పిన్‌కు ఎటు తిప్పినా దూరవు, ప్లస్ మైనస్ తారుమారు కావు. ఉప్పునీటి గాలికి రాగి పచ్చబడకుండా వాటికి కొంచెం వ్యాజలీన్ రాయమన్నాను.

ప్యాకు పడవలోంచి బయటికి తీసి చార్జి చెయ్యాలి, పాకలో కాదు, వరండాలో సిమెంటు గట్టు మీద. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే పెట్టకూడదు. లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చెయ్యకూడదు, మూసిన డబ్బా ఏప్రిల్ మధ్యాహ్నం సులువుగా దాన్ని దాటుతుంది. చెయ్యి పెడితే చల్లగా అనిపించాక పెట్టమని తల్లికి చెప్పాను. "అన్నం చల్లారాక డబ్బాలో సర్దినట్టేగా" అందావిడ. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఒకటి అనుకున్నట్టు జరగలేదు. వోల్టేజి తగ్గితే కూసే చిన్న అలారం పెట్టాను. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజి నిండు నుంచి దాదాపు చివరిదాకా ఒకే మట్టంలో ఉండి, ఆఖర్న ఒక్కసారి జారిపోతుంది. అలారం కూసేసరికి గట్టుకు వచ్చే సమయం మిగలడం లేదు. అది తీసేసి, ఫోనులో పన్నెండు నిమిషాల టైమరు పెట్టుకోమన్నాను. ఎంత ఖర్చవుతుందో కొలిచి ఉన్నాం కాబట్టి గడియారమే నమ్మకమైన మీటరు.

రిమోట్ సిగ్నల్ పోతే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ కూడా అప్పుడే అమర్చాం, అంతకుముందు అది పెట్టి లేదు. పడవ మందగించిందనిపిస్తే గట్టిగా నొక్కకుండా వదిలేసి, ఒక్క క్షణం వెనక్కి తిప్పాలని తండ్రికి నేర్పాం. సగంసార్లు నాచు దానంతటదే ఊడిపోతుంది. సాయంత్రం షాఫ్టు తుడిచి వారానికోసారి గ్రీజు.

నా పనిలో మారినది

ఇప్పుడు ఎవరు బ్యాటరీ అడిగినా, ఇంట్లో ఉన్న చార్జర్లన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మంటాను. ఈ మాటకు కొందరు విసుక్కుంటారు. కానీ నేనిచ్చే బ్యాటరీ నా బల్ల మీద బతకదు, ఆ సంచిలోని చార్జర్ల మధ్య బతకాలి. ఏది దేనికి పెట్టేసే అవకాశం ఉందో చూశాకే రసాయనం, పిన్ నిర్ణయిస్తాను. పెద్ద బ్యాటరీ కావాలన్న ప్రతిసారీ ముందు వాట్ మీటరు పెట్టి, పని జరిగే చోటే కొలుస్తాను. ప్యాకు మొత్తం వోల్టేజి ఒక్కటే రాసుకోవడం మానేశాను, నా పుస్తకంలో ఇప్పుడు ప్రతి వరసకూ ఒక గడి ఉంటుంది.

ఏడు నెలల తర్వాత

ఉరుములు పడిన ఒక రాత్రి తర్వాత పొద్దున్నే తండ్రి ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నిన్న కరెంటు పోయి వచ్చినప్పుడు నీ పసుపు పిన్ చార్జర్ కాలిపోయింది. పొద్దుటి మేతకి ఎలా అని, పిన్ కోసేసి స్ప్రేయర్ చార్జర్ వైర్లకి టేపు చుట్టి రాత్రంతా పెట్టాను. ఏమైనా అవుద్దా?"

ప్లస్ మైనస్ సరిచూసుకున్నావా అన్నయ్యా అని అడిగాను. ఎరుపుకి ఎరుపే కలిపానన్నాడు. పడవ వెయ్యకుండా ఉండమని చెప్పి బయల్దేరాను. ప్యాకు ఇంకా చార్జర్ మీదే ఉంది, చల్లగా ఉంది. వరసలు కొలిచాను: 3.58, 3.57, 3.57, 3.58. చార్జర్ ఊడదీసి, టేపు విప్పి, ఆ మేత అయ్యాక కొత్త కనెక్టరు అంటించాను. ఆ పూట మేత పన్నెండు నిమిషాల్లో పడింది.